చిన్న రాజ్యాల తటస్థత – మన దత్తమండలం కథ

సమతాస్థితి మూడు రకాలని మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. గిన్నె అడుగున గోళీ పెడితే అది స్థిరం. ఎంత కదిపినా మళ్ళీ అడుక్కే చేరుతుంది. బోర్లించిన గిన్నె మీద పెడితే అస్థిరం. చిటికె తగిలితే జారిపోతుంది. చదునైన బల్ల మీద పెడితే తటస్థం. ఎటు తోస్తే అటు దొర్లి, తోసినచోట నిలబడిపోతుంది. దానికి తనదంటూ ఒక చోటు లేదు, తిరిగి రావాలనే పట్టుదలా లేదు.

పత్రికల్లో 'తటస్థ దేశం' అనే మాట చూసినప్పుడల్లా నాకీ బల్ల మీది గోళీ గుర్తుకొస్తుంది. కాని రాజకీయాల్లోని తటస్థత ఇది కాదు. బల్ల మీది గోళీలాంటి దేశాన్ని ఎవడో ఒకడు తోసుకుపోయి జేబులో వేసుకుంటాడు. తటస్థంగా నిలబడదలచిన దేశానికి చుట్టూ గిన్నె అంచులుండాలి. ఆ అంచులు దేనితో తయారవుతాయి, వాటికయ్యే ఖర్చు ఎవరిస్తారు, సొంతంగా కట్టుకోలేని రాజ్యం పక్క బలవంతుడి చేత కట్టించుకుంటే ఏమవుతుంది – ఇదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది. సైన్సు విద్యార్థికి చరిత్రతో ఏం పనని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మాది వ్యవసాయ కుటుంబం. భూమి పత్రాల వెనక ఏ కథ ఉందో తెలుసుకోవాలనే ఆశ రైతుబిడ్డకు ఉండడం సహజమే కదా!

సైనిక తటస్థత అంటే మూడు సంగతులు. ఇతరుల యుద్ధాల్లో దిగకపోవడం, ఏ సైనిక కూటమిలోనూ చేరకపోవడం, తన గడ్డ మీద పరాయి సైన్యాన్ని ఉండనీయకపోవడం. స్విట్జర్లాండు పేరు అందరికీ తెలుసు. 1815లో ఐరోపా రాజ్యాలన్నీ కలిసి దాని తటస్థతను గుర్తించాయి. అది శాంతికాముక దేశం గనుక అందరూ వదిలేశారని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. అక్కడ ప్రతి యువకుడూ సైనిక శిక్షణ పొందవలసిందే. కొండలు తొలిచి కోటలు కట్టుకున్నారు. ఆ గిన్నె అంచులు వాళ్ళు సొంత డబ్బుతో కట్టుకున్నవి. బెల్జియం సంగతి చూడండి. 1839లో లండను ఒప్పందం ద్వారా దాని తటస్థతకు పెద్ద రాజ్యాలే హామీ ఉన్నాయి. 1914 ఆగస్టులో జర్మనీ సైన్యం ఆ హామీ పత్రాన్ని తొక్కుకుంటూ నడిచిపోయింది.

ఐస్‌లాండుది మరో దారి. దానికి సైన్యమే లేదు. అయినా 1949లో నాటో కూటమి స్థాపించినప్పుడే సభ్యత్వం తీసుకుంది. 1951లో అమెరికాతో రక్షణ ఒప్పందం చేసుకుంది. కెఫ్లావిక్ స్థావరంలో అమెరికా సైన్యం 2006 దాకా ఉండి, తర్వాత వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందన్న మాట గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది. ఫిన్లాండు 1948 నుంచి రష్యా మనసు నొప్పించకుండా, పడమటి కూటమిలో చేరకుండా దశాబ్దాలు గడిపింది. రష్యా ఉక్రెయిన్ మీద పడిన తర్వాత ఆ పద్ధతి మార్చుకుని 2023లో నాటోలో చేరింది. ఆ మరుసటి ఏడు, రెండు వందల ఏండ్లుగా యుద్ధం ఎరుగని స్వీడనూ చేరింది. అంటే తటస్థత ఒక వ్రతం కాదు, ఒక లెక్క. పక్కవాడి బలం మారితే లెక్కా మారుతుంది.

ఇదంతా ఐరోపా గొడవ, మడకశిర వాడికెందుకు అంటారా? ఎందుకంటే మన జిల్లా పుట్టిందే ఇలాంటి ఒక లెక్కలో. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మడకశిరను, 2022 దాకా ఉమ్మడిగా ఉన్న అనంతపురం జిల్లాను, దానితోపాటు కడప, బళ్ళారి ప్రాంతాలను 1800లో ఒక రాజు తన మిత్రుడికి రాసిచ్చేశాడు. యుద్ధంలో ఓడిపోయి కాదు, స్నేహం చేసి! అందుకే మనల్ని వంద సంవత్సరాలకు పైగా 'దత్తమండలాలు' అన్నారు. మా తాత చివరిదాకా 'సీడెడ్' అనే అనేవాడు. ఆ మాటకు అర్థం 'వదులుకున్నది' అని ఆయనకు తెలుసో లేదో!

ఆ కథలోకి వెళ్ళేముందు మా తాలూకాలోని ఒక ఊరిని చూడాలి. మడకశిర పక్కన అమరాపురం మండలంలో హేమావతి ఉంది. ఇప్పుడది చిన్న పల్లె. గుళ్ళు, నల్లరాతి శిల్పాలు, పక్కన చేండ్లు. ఒకప్పుడది హెంజేరు అనే పేరుతో నొళంబ పల్లవుల రాజధాని. తొమ్మిది, పది శతాబ్దాల్లో వాళ్ళు ఈ మెట్టను ఏలారు. వాళ్ళకు పడమట గంగరాజులు, ఉత్తరాన రాష్ట్రకూటులు, దక్షిణాన చోళులు. మధ్యలో చిక్కుకున్న చిన్న రాజ్యం ఏం చేస్తుంది? పెండ్లిండ్లు చేస్తుంది. నొళంబ రాజు పొళల్‌చోరుడు గంగల ఆడపడుచు జాయబ్బెను చేసుకున్నాడు. వాళ్ళ కొడుకు మహేంద్రుడు బలవంతుడై సొంతంగా తలెత్తాడు. గంగరాజు ఎరెయప్ప అతడిని చంపి 'మహేంద్రాంతక' అని బిరుదు పెట్టుకున్నాడు. మేనమామల ఇంటివాళ్ళే అంతకులయ్యారన్నమాట. తర్వాత మరో గంగరాజు మారసింహుడు, 963 నుంచి 975 దాకా పాలించినవాడు, ఏకంగా 'నొళంబ కులాంతక' అనిపించుకున్నాడు. ఆ తర్వాత చోళులొచ్చారు. తంజావూరు దగ్గర తిరువయ్యారు గుడిలో నొళంబుల శైలిలో చెక్కిన స్తంభాలు నేటికీ ఉన్నాయి. మా హేమావతి రాళ్ళు కావేరి ఒడ్డుకు చేరాయి!

ఎనిమిది వందల ఏండ్లు దాటి వద్దాం. రాజులు మారారు గాని మెట్ట అదే. పద్దెనిమిదో శతాబ్దంలో గుత్తిలో మురారిరావు ఘోర్పడే ఉన్నాడు. అతనికి ఒకవైపు పూనా పీష్వా, ఒకవైపు హైదరాబాదు నిజాం, ఒకవైపు మైసూరు, దూరంగా మద్రాసులో కుంపిణీ. ఎవరితోనూ శాశ్వతంగా కట్టుబడక, ఎవరికి అవసరమైతే వాళ్ళకు గుర్రపుదళం బాడుగకిచ్చి బతికిన మొనగాడతను. 1751లో ఆర్కాటులో క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు సాయానికి బయలుదేరిన మరాఠా దళం ఇతనిదే. కొన్నాళ్ళకు అదే మురారిరావు ఎదుటి పక్షాన కనిపిస్తాడు. దీన్ని తటస్థత అనడానికి నాకు మనసొప్పదు. బల్ల మీది గోళీ తానే తోసుకుంటూ తిరిగినట్టుంటుంది. అయినా అతడు పాతికేండ్లకు పైగా నెగ్గుకొచ్చాడని మరిచిపోకూడదు.

మైసూరులో హైదరాలీ బలపడగానే లెక్క మారింది. 1762 ప్రాంతంలో పెనుకొండ, కొడికొండ, మడకశిర మురారిరావు చేయి జారి హైదరు పాలయ్యాయి. 1775లో హైదరు గుత్తినే ముట్టడించాడు. మురారిరావు పూనా వైపు చూశాడు. అక్కడ పీష్వా పదవికోసం రఘునాథరావుతో అంతఃకలహం, దాంట్లో ఇంగ్లీషువాళ్ళ జోక్యం. ఎవరి ఇల్లు వాళ్ళకే అంటుకుని ఉండగా గుత్తికి ఎవరొస్తారు? గుత్తికొండ ఎక్కినవాళ్ళకు తెలుసు, అది బలంతో పట్టుకునే కోట కాదు. దాన్ని పట్టుకున్నది దాహం. సంధి మాటలు దాదాపు కుదిరిన సమయంలో, కోటవైపునుంచి వచ్చిన ఒక యువకుడు మాట జారి, లోపల నీళ్ళు మూడు రోజులకే ఉన్నాయని బయటపెట్టాడని మైసూరు చరిత్ర రాసిన విల్క్సు చెబుతాడు. అది వినగానే హైదరు సంధి పక్కన పెట్టి కూర్చున్నాడు. 1776లో కోట లొంగింది. మురారిరావు మైసూరు రాజ్యంలోని కబ్బాళదుర్గంలో ఖైదీగా చనిపోయాడు. పెద్ద మిత్రుడు ఉండడం వేరు, సమయానికి రావడం వేరు.

ఇప్పుడు అసలు కథ. హైదరాబాదు నిజాం రాజ్యం వైశాల్యంలో చిన్నదేమీ కాదు. చివరి రోజుల్లో కూడా 82 వేల చదరపు మైళ్ళకు పైన ఉండేది. చిన్నదనం కొలిచే కొలబద్ద వైశాల్యం కాదు. ఇరుగుపొరుగు బలంతో పోలిస్తే తన బలమెంత అన్నదే. ఆ లెక్కన పూనాకు, మైసూరుకు, కుంపిణీకి నడుమ హైదరాబాదు చిన్నదే.

1766 నవంబరులో నిజాం అలీఖాన్ కుంపిణీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తా, కుంపిణీకి వదిలాడు. బదులుగా కుంపిణీ ఏటా కొంత సొమ్ము ఇవ్వాలి, అవసరమైనప్పుడు సైన్యంతో సాయపడాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ఒప్పందంతో మచిలీపట్నంతో సహా సముద్రతీరమంతా హైదరాబాదు చేతినుంచి పోయినట్టే. దాని ఫలితం 182 ఏండ్ల తర్వాత, 1948లో కనబడుతుంది.

అటు తర్వాత 1790లో టిప్పు సుల్తాను మీద కుంపిణీ, నిజాం, మరాఠాలు ముగ్గురూ కలిశారు. 1792 శ్రీరంగపట్నం సంధిలో కడప వైపు భూములు నిజాం వాటాకు వచ్చాయి. బాగుంది. మూడేండ్లు తిరగకుండానే పంపకాల్లో ఉన్న మరాఠాలే చౌతు బాకీల పేరుతో నిజాం మీదికి వచ్చారు. నిజాం కుంపిణీ వైపు తిరిగాడు. గవర్నరు జనరల్ సర్ జాన్ షోర్ ఏమన్నాడంటే, 'ఇద్దరూ మాకు మిత్రులే, మేము తటస్థం' అన్న అర్థంలో జవాబిచ్చాడు. 1795 మార్చి 11న ఖర్డా దగ్గర నిజాం చిత్తుగా దెబ్బ తిన్నాడు. భూములిచ్చాడు, సొమ్ముకు ఒప్పుకున్నాడు, చివరకు తన మంత్రి అరస్తు జాను కూడా బందీగా పూనాకు పంపవలసి వచ్చింది.

చూశారా, తటస్థత ఎవరి నోట పలుకుతుందో దాన్నిబట్టి దాని అర్థం మారుతుంది! చిన్నవాడు తటస్థమంటే 'నన్ను వదలండి' అని. బలవంతుడు తటస్థమంటే 'వాణ్ణి మీ ఇష్టం' అని.

మా ఊళ్ళలో 'పార్టీ' అంటే ఎలక్షన్ల పార్టీ కాదని రాయలసీమ మిత్రులకు చెప్పనక్కర్లేదు. ఒక ఊళ్ళో రెండు పార్టీలుంటే మధ్యలో ఉన్న చిన్న రైతు పాట్లు ఎలా ఉంటాయో నేను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. మా బంధువొకాయన ఏ పార్టీలోనూ చేరలేదు. ఇద్దరింటికీ పెండ్లికి పోతాడు, ఇద్దరింటికీ చావుకు పోతాడు. ఎవరి జీపూ ఎక్కడు. 'ఎట్లా నెగ్గుకొస్తున్నావు మామా?' అని ఒకసారి అడిగాను. 'నా బాయిలో నీళ్ళున్నాయి రా అబ్బయ్యా. నీళ్ళకోసం ఒకని మోటారు స్విచ్చి దగ్గర నిలబడినపొద్దు నేనూ వాని పార్టీనే' అన్నాడు. ఆయన ఐదో తరగతి దాటలేదు. అంతర్జాతీయ సంబంధాల మీద ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేనింకా వినలేదు.

ఖర్డా తర్వాత నిజాం చేసిన ప్రయత్నం ఆ బావి తవ్వుకునే ప్రయత్నమే. కోపంతో కుంపిణీ పటాలాలను పంపించేశాడు. కన్నకొడుకు అలీజా తిరగబడినప్పుడు మళ్ళీ పిలిపించుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. ఫ్రెంచి సేనాని రేమండ్ చేతికింద ఉన్న దళాన్ని పెంచాడు. అది సుమారు 14 వేల మంది దాకా పెరిగింది. ఫిరంగులు పోతపోసే కార్ఖానాలు పెట్టించాడు. రేమండ్‌ను హైదరాబాదు జనం మూసారాం అని పిలుచుకున్నారంటారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. ఈ దళం నిజాం జీతం తినేదే గాని, నడిపేవాళ్ళు పరాయివాళ్ళు. బావి మనదే, మోటారు మరొకరిది అన్నమాట. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు.

అదే ఏడు కొత్త గవర్నరు జనరల్ వెల్లస్లీ వచ్చాడు. షోరు నమ్మిన తటస్థత అతనికి గిట్టదు. 1798 సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. హైదరాబాదులో కుంపిణీ పటాలాలు ఆరు ఉంటాయి. వాటి ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు ఇవ్వాలి. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో ఆ దళాన్ని చుట్టుముట్టి నిరాయుధం చేశారు. ఆశ్చర్యమేమంటే పెద్దగా రక్తం చిందలేదు. జీతాల బాకీతో విసిగిన సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికార్ల మీద తిరగబడి ఉన్నారు. నెలజీతం అందని సైన్యం ఏ రాజునూ కాపాడలేదు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాడు. ఆ పంపకంలో గుత్తి, గుర్రంకొండ మొదలైన ప్రాంతాలు నిజాంకు వచ్చాయి. ఆ సంబరం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1800 అక్టోబరు 12న మరో ఒప్పందం. ఇక పటాలాలు ఎనిమిది, వాటికి తోడు రెండు గుర్రపు రెజిమెంట్లు. ఖర్చుకింద ఏటా నగదు ఇచ్చే బదులు 1792లో, 1799లో మైసూరునుంచి వచ్చిన భూములన్నీ శాశ్వతంగా కుంపిణీకి. అదిగో, అలా దత్తమయ్యాం.

నిజాం తెలివితక్కువవాడని నేననను. అతని లెక్క అతనికుంది. ఇచ్చినవి తాతలనాటి భూములు కావు. నిన్నగాక మొన్న వచ్చినవి. వాటినిండా మాట వినని పాలెగాళ్ళు. మన్రో లెక్కలోకి వచ్చినవాళ్ళే సుమారు 80 మంది. శిస్తు వసూలుకు ఏటా సైన్యం పంపాలి. అటువంటి గొడవ భూమి వదిలేసి, నగదు బాకీ తప్పించుకుని, మరాఠాల భయం లేకుండా పడుకోవచ్చు. కాగితం మీద చూస్తే లాభసాటి బేరమే.

కాని అదే కాగితంలో మరో షరతు ఉంది. ఇకమీదట నిజాం ఏ ఇతర రాజ్యంతోనైనా సంప్రదింపులు జరపాలంటే కుంపిణీకి చెప్పే జరపాలి. తగవు వస్తే కుంపిణీ చెప్పిందే తీర్పు. అంటే యుద్ధం చేయాలా వద్దా అనే ప్రశ్న నిజాం చేతిలోనుంచి పోయింది. యుద్ధం వస్తే తన సైన్యంలోనుంచి 6 వేల కాల్బలం, 9 వేల గుర్రపుదళం పంపవలసిందే. తటస్థంగా ఉండే హక్కుకూడా భూమితోపాటే రిజిస్టరైపోయింది. మా పక్క పల్లెల్లో చేనికి కాపలా పెట్టుకుంటే వాడికి కోతలప్పుడు గింజలు కొలుస్తారు. ఎవడూ చెక్కభూమి రాసివ్వడు. ఎందుకు? గింజలిస్తే కాపలావాడు మన మనిషి. భూమిస్తే వాడు మన పొరుగువాడు, ఆ తర్వాత గట్టు తగవు!

ఆ పటాలాలు హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండుకు కొత్త నిజాం సికందర్ జా పేరుమీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. ఇవాళ రైలు దిగి ఆ కంటోన్మెంటు రోడ్లమీద నడిచే రాయలసీమ విద్యార్థి ఎవరైనా, ఇది మా చేండ్ల ఖరీదు అనుకుంటే అందులో అతిశయోక్తి లేదు.

చేండ్ల సంగతి వచ్చింది గనుక మన్రో గురించి నాలుగు ముక్కలు. 1800 చివర్లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. పాలెగాళ్ళను అణచాడు, పొలాలు కొలిపించాడు, రైతు పేరున పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతి నాటాడు. మన పల్లెల్లో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకునేంత ప్రేమ సంపాదించాడు. మంచివాడే కావచ్చు. అయితే అతను వేసిన శిస్తు పంటలో సుమారు 45 వంతులు. నూటికి నలభై అయిదు! ఏడాదికి ఒక్క వాన నమ్ముకున్న మెట్ట మీద! ఇది నిలవదని మన్రోనే గ్రహించి, పావు వంతు తగ్గించి మూడో వంతుకు తేవాలని 1807లో సిఫారసు చేశాడు. పైవాళ్ళు వినలేదు. మద్రాసు గవర్నరై అతనే వచ్చాక 1820లో గాని అది అమలు కాలేదు. మధ్యలో గడిచిన పదమూడేండ్లలో ఎన్ని కాడెద్దులు సంతకు తోలివుంటారో ఏ ఒప్పందంలోనూ రాయలేదు. రాజులు సంతకాలు చేసే స్నేహాలకు ఈఎంఐ కట్టేది ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది. 1827లో మన్రో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు.

మరి భూమి ఇచ్చాక నిజాం బాకీ తీరిందా? అదే చిత్రం. ఒప్పందంలో ఉన్న సైన్యానికి తోడు, నిజాం ఖర్చుతోనే, ఇంగ్లీషు అధికార్ల కింద మరో సైన్యం తయారైంది. దాన్ని హైదరాబాదు కంటింజెంటు అన్నారు. దాని జీతాలకు చాలక పామర్ కంపెనీ దగ్గర 24, 25 శాతం వడ్డీకి అప్పులు. చివరకు కుంపిణీకే బాకీపడి 1853లో బీరారు, ఉస్మానాబాదు, రాయచూరు దోఅబు అప్పగించవలసి వచ్చింది. చివరి రెండూ 1860లో తిరిగి వచ్చాయి, బీరారు రాలేదు. 1902లో కర్జను ఏటా 25 లక్షల రూపాయల కౌలు మీద దాన్ని శాశ్వతంగా రాయించుకున్నాడు. కౌలు భూమి ఎన్నాళ్ళకూ తిరిగి రాకపోతే దాన్ని ఏమంటారో రైతులకు తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారికి ధారాళంగా డబ్బిచ్చాడు. 1918లో 'బ్రిటిషు ప్రభుత్వపు విశ్వాసపాత్ర మిత్రుడు' అనే బిరుదు పొందాడు. ఆ బిరుదు పొందిన ఎనిమిదేండ్లకే, 1926 మార్చిలో, వైస్రాయి రీడింగు లేఖ రాశాడు. బ్రిటిషు సార్వభౌమత్వం ముందు ఏ సంస్థానాధీశుడూ సమానస్థాయిలో మాట్లాడే వీలు లేదన్నది దాని సారాంశం. మిత్రుడి అసలు హోదా అదీ!

1947 వచ్చింది. మిత్రుడు మూటాముల్లె సర్దుకున్నాడు. ఐస్‌లాండు దగ్గర గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే. పెద్ద మిత్రుడు ఎప్పుడు వెళ్ళాలో చిన్నవాణ్ణి అడగడు. నిజాం స్వతంత్రంగా ఉంటానన్నాడు, బ్రిటిషు కామన్వెల్తులో సభ్యత్వం అడిగాడు, మౌంట్‌బాటెన్ కుదరదన్నాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. ఇంకొకవైపు పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడి ద్వారా రాత్రిపూట ఆయుధాలు. సముద్రం ఉంటే ఓడల్లో వచ్చేవి. కాని ఆ తీరం 1766లోనే పోయింది కదా! నాలుగు వైపులా భారత భూభాగం, మధ్యలో హైదరాబాదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఆ రాజ్యానికి లేనిది సముద్రమొక్కటే కాదు, ప్రజలు. ఒకవైపు తెలంగాణ పల్లెల్లో 1946 నుంచి రైతాంగ సాయుధ పోరాటం, ఇంకొకవైపు ఖాసిం రజ్వీ రజాకార్ల దౌర్జన్యం. తన జనానికే భయపడే ప్రభువు ఎవరి మధ్య తటస్థంగా ఉండగలడు? స్విట్జర్లాండు యువకుడి చేతిలో ప్రభుత్వం తుపాకి పెట్టి ఇంటికి పంపుతుంది. నిజాం నల్లగొండ రైతు చేతిలో తుపాకి పెట్టగలిగేవాడా?

1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసుకుంది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం సైన్యం లొంగిపోయింది. అయిదు రోజులు! బ్రిటన్ ఒక్క పటాలాన్ని కూడా కదపలేదు. నూటయాభై ఏండ్లు ముందుగానే జీతం పుచ్చుకున్న కాపలావాడు ఆ రోజు ఊళ్ళో లేడు. నిజాం తన ఫిర్యాదును ఆ నెలలోనే ఉపసంహరించుకున్నాడు.

మళ్ళీ మన వైపు వద్దాం. మనల్ని ఇచ్చినవాడూ పోయాడు, పుచ్చుకున్నవాడూ పోయాడు, పేరు మాత్రం చాలాకాలం నిలిచింది. అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు 1916లో పెట్టిన పేరే 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజి'. అందులో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారే, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో 'దత్తమండలాలు' అనే మాట వద్దు, 'రాయలసీమ' అందామని సూచించారు. ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలో. మన పేరులోని అవమానం ఆయనకు ముందుగా తగలడం విశేషమే. మాతృభాషలో ఒక మాట మార్చడానికి ఏ పటాలమూ అక్కరలేకపోయింది.

పంపకాల గీతలు మాత్రం నేలమీద అట్లే ఉన్నాయి. మడకశిరకు మూడు వైపులా కర్ణాటక. పక్కనున్న పావగడ తాలూకా కర్ణాటకలోది, కాని దాని చుట్టూ దాదాపు అంతా మన రాష్ట్రమే. మడకశిరనుంచి పెనుకొండ పోయేవాడికి ఇది చిత్రంగా తోచదు, అలవాటైపోయింది. మ్యాపు చూసిన బయటివాడు మాత్రం ఎవరు గీశారీ వంకర గీత అని అడుగుతాడు. 1799, 1800 సంవత్సరాల్లో మైసూరుకెంత, నిజాంకెంత, కుంపిణీకెంత అని పంచుకున్నప్పుడు పడ్డ గట్లే అవి. మా ఇంట్లో మా అమ్మ కన్నడంలో కేకేస్తే మా నాయన తెలుగులో పలుకుతాడు. శెనక్కాయల ధర ఎక్కడ బాగుంటే ఆ రాష్ట్రానికి బండి కడతాం. ఈ ఒక్క విషయంలో మేము పూర్తిగా తటస్థులం.

విద్యార్థి సంఘం పెద్దలకు చివరగా ఒక మనవి. ఏటా విహారయాత్ర అనగానే ఊటీ, మైసూరు అంటున్నారు. వచ్చే ఏడు ఒక బస్సు గుత్తికి, హేమావతికి వేయండి. ఖర్చు సగం కూడా కాదు. గుత్తికొండ ఎక్కేవాళ్ళు తెల్లవారుజామునే బయలుదేరాలి, ఎండ బాగా కాస్తుంది. పైన కోటలో బావులు చూపిస్తారు. తాగే నీళ్ళు మాత్రం కిందినుంచే పట్టుకుపోవాలి.